1953 షెవర్లే 3100 పికప్: రీప్రొడక్షన్ బ్రేకులు వేశాక చక్రాలు పట్టేస్తున్నాయి

కేటీ53
అందరికీ నమస్కారం. హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాను. నా దగ్గర 1953 షెవర్లే 3100 ఉంది, అర టన్ను పికప్, లోపల ఇంకా ఆ పాత 216 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజనే. కొన్నప్పుడు బ్రేక్ పెడల్ నేలదాకా పోయేది, వీల్ సిలిండర్లు విప్పితే నాలుగూ లోపల తుప్పు. అందుకని రీప్రొడక్షన్ (పాతవాటికి నకలుగా ఇప్పుడు తయారుచేసిన) కిట్ మొత్తం తెప్పించాను. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, హోసులు, షూలు, స్ప్రింగులు అన్నీ కొత్తవే. కుడి ముందు డ్రమ్ముకి పగులు ఉంటే దానికి ఒక్కదానికి కొత్తది కొన్నాను, మిగతా డ్రమ్ములు లేత్ పట్టించాను.

ఇప్పుడు సమస్య ఏంటంటే, బయల్దేరినప్పుడు బ్రేకులు బ్రహ్మాండంగా ఉంటాయి. ఐదారు మైళ్లు పోయాక పెడల్ పైకి పైకి వచ్చి రాయిలా గట్టిపడుతుంది, బండి తనంతట తనే బరువుగా లాగుతుంది, ఇంకాస్త పోతే నాలుగు చక్రాల దగ్గరా కాలిన వాసన. ఆపి అరగంట ఉంచితే మళ్లీ మామూలు. దీంతోపాటు బ్రేక్ వేస్తే బండి కుడివైపుకి లాగుతోంది. కిట్ అమ్మినవాళ్లని అడిగితే బ్రేక్ లైన్లలో ఎయిర్ సరిగ్గా తీయలేదేమో అంటున్నారు. కిట్ అంతా వెనక్కి పంపేయాలా, లేక ఇందులో ఉంచుకోదగినవి ఏమైనా ఉన్నాయా? టెన్షన్‌గా ఉంది, ఇంట్లో పిల్లలు ఆ బండి ఎక్కుతామంటున్నారు.

మిషిగన్_మెకానికల్
కేటీ గారూ, ముందు పిల్లల్ని ఎక్కించకండి, మీరు కూడా రోడ్డు మీదకి తీయకండి. ఎయిర్ ఉంటే పెడల్ మెత్తగా, స్పాంజిలా ఉంటుంది. మీకు గట్టిపడుతోంది. అంటే లైన్లో ప్రెషర్ చిక్కుకుపోయి వెనక్కి రావట్లేదు. అమ్మినవాళ్లు చెప్పింది దానికి పూర్తిగా ఎదురు లక్షణం.

రెండు విషయాలు చెప్పండి. పెడల్ చేత్తో నొక్కితే, పుష్ రాడ్ (పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ని నెట్టే కడ్డీ) పిస్టన్‌కి తగిలేలోపు కొంచెం ఖాళీ కదలిక ఉందా? ఈసారి పట్టేసినప్పుడు, చక్రాలు చల్లారకముందే మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు కొద్దిగా వదులు చేస్తే చక్రాలు వదిలేస్తున్నాయా? బండిని కదలకుండా చక్రాలకి అడ్డాలు పెట్టి చేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి, ఆయిల్ చిమ్ముతుంది.

ఆటోనగర్_జీపు
అన్నా, నాది విజయవాడ. ఆటోనగర్‌లో ఎక్కువగా మహీంద్రా జీపుల పని చూస్తాను, షెవర్లే ఎప్పుడూ ముట్టుకోలేదు కానీ హైడ్రాలిక్ ఎక్కడైనా హైడ్రాలికే కదా. ఒకటే అడుగుతాను. సామాను బిగించేముందు దేంతో కడిగావు? ఇక్కడ మా దగ్గరికి వచ్చే బ్రేక్ జామ్ కేసుల్లో చాలావాటికి కారణం అదే. కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడిగేస్తారు, లేదంటే రిజర్వాయర్‌లో తగ్గిందని ఇంజనాయిల్ పోసేస్తారు. ఆ రబ్బరు బకెట్లు ఉబ్బిపోయి వెనక్కి జరగవు. కొత్త బకెట్లైనా ఒక్కరోజు చాలు పాడవడానికి. రిజర్వాయర్ మూతకింద రబ్బరు సాగిపోయి వంకర తిరిగి ఉందేమో చూడు, అదే మొదటి గుర్తు.

కేటీ53
థాంక్స్ అన్నా, థాంక్స్ గారూ. కడిగింది స్పిరిట్ (ఆల్కహాల్)తోనే, పోసింది సీలు తీయని డాట్ 3 బ్రేక్ ఆయిల్ డబ్బా. మూత రబ్బరు బాగానే ఉంది. పెడల్‌కి ఖాళీ కదలిక అస్సలు లేదు, వేలు పెట్టగానే పిస్టన్ తగులుతోంది. నేను అది మంచిదే, బ్రేక్ వెంటనే పడుతుంది అనుకున్నాను. మాస్టర్ దగ్గర నట్టు వదులు చేసే పరీక్ష ఈ శనివారం చేస్తాను.

మిషిగన్_మెకానికల్
ఖాళీ కదలిక లేదంటే దాదాపు దొరికేసినట్టే. కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది మంచి సామాను కూడా పారేస్తారు.

మాస్టర్ సిలిండర్ బోరులోకి పైన రిజర్వాయర్ నుంచి రెండు రంధ్రాలు ఉంటాయి. ఒకటి పెద్దది, ఇంకొకటి చాలా సన్నది, గుండుసూది మొన దూరేంత. ఆ సన్న రంధ్రాన్నే కాంపెన్సేటింగ్ పోర్ట్ అంటారు. పెడల్ వదిలేసినప్పుడు ముందు కప్పు (విజయవాడ అన్న బకెట్ అంటున్నది అదే) ఆ రంధ్రానికి వెనక ఆగాలి, రంధ్రం తెరుచుకుని ఉండాలి. బండి నడిచేకొద్దీ బ్రేకులు వేడెక్కి ఆయిల్ వ్యాకోచిస్తుంది, ఆ ఎక్కువైన ఆయిల్ ఈ రంధ్రంలోంచే రిజర్వాయర్‌లోకి పోతుంది. పుష్ రాడ్ పొడవెక్కువై కప్పు ఒక్క మిల్లీమీటరు ముందుకి ఉన్నా రంధ్రం మూసుకుపోతుంది. ఆయిల్‌కి దారి లేదు. షూలని నెడుతుంది, షూలు రాసుకుని ఇంకా వేడి, ఇంకా వ్యాకోచం, చివరికి నాలుగు చక్రాలూ పట్టేస్తాయి. చల్లారితే ఆయిల్ ముడుచుకుని వదిలేస్తుంది. మీరు చెప్పిన ప్రతి లక్షణం ఇదే.

పరీక్ష ఇలా. మాస్టర్ మూత తీసి ఒకరు లోపలికి చూస్తూ ఉండాలి, ఇంకొకరు పెడల్‌ని చాలా నెమ్మదిగా కొద్దిగా నొక్కాలి. నొక్కిన మొదట్లో ఆయిల్ పైకి చిన్న ఊటలా లేస్తే రంధ్రం తెరిచి ఉన్నట్టు. ఏమీ కదలకపోతే మూసుకుంది. ఇది నాలుగు చక్రాలూ కలిసి వేడెక్కితేనే. ఒక్క చక్రమే పట్టేస్తే ముందు ఆ చక్రం బ్లీడర్ (ఎయిర్ తీసే స్క్రూ) తెరిచి చూడాలి. వదిలేస్తే హోసు లోపల పొర ఊడి వాల్వులా అడ్డం పడి ఉంటుంది, వదలకపోతే స్ప్రింగో షూనో పార్కింగ్ కేబులో, అంటే మెకానికల్ తప్పు.

ఇనుపబండి
నేను కొంచెం కఠినంగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. బ్రేకుల్లో రీప్రో సామాను వేయడమే నాకు ఇష్టం లేదు. డోర్ హ్యాండిల్ రీప్రో అయితే ఊడి చేతికొస్తుంది, అంతే. ఇక్కడ ప్రాణం పోతుంది. పాత పోత ఇనుము సిలిండర్లు పారేశారా? దయచేసి పారేయకండి. బోరు పెద్దది చేసి ఇత్తడి స్లీవో స్టెయిన్‌లెస్ స్లీవో దిగ్గొట్టి అసలు సైజుకి తెచ్చి ఇచ్చే షాపులు అమెరికాలో ఉన్నాయి. అలా చేసిన ఒరిజినల్ ఇంకో తరం నడుస్తుంది, కొలతలు కంపెనీవి కాబట్టి ఈ పుష్ రాడ్ గొడవలే ఉండవు.

ఆటోనగర్_జీపు
స్లీవ్ మాట నిజం. మా లేత్ వాళ్లు జీపు సిలిండర్లకి ఇత్తడి బుష్ వేసి ఇస్తారు, బాగానే నిలబడతాయి. కాకపోతే పని తెలిసినవాడు చేయాలి. లోపల హోనింగ్ నునుపు రాకపోతే బకెట్ అంచు కోసుకుపోతుంది. మాస్టర్‌కి అయితే ఆ సన్న రంధ్రం స్లీవ్‌లో మళ్లీ వేశాక లోపలి పక్క అంచు గరుకు తీయాలి, అది మర్చిపోతే బకెట్ చిరుగుతుంది.

మిషిగన్_మెకానికల్
ఇనుపబండి గారితో సగం ఏకీభవిస్తాను. నేను ఆటో విడిభాగాల తయారీలోనే పనిచేస్తాను. రీప్రో సామానులో తేడా ఎక్కడ వస్తుందంటే, చాలాసార్లు అసలు డ్రాయింగులు చేతిలో ఉండవు. ఒక పాత ముక్క తెచ్చి కొలిచి దానికి అచ్చు తీస్తారు. ఆ ముక్క అప్పటికే అరిగి ఉంటే ఆ అరుగుదల కూడా కాపీ అవుతుంది. బయటి ఆకారం, బోల్టు రంధ్రాలు సరిగ్గానే వస్తాయి, ఎందుకంటే బిగించేటప్పుడు అవి కనిపిస్తాయి. కనిపించని కొలతలే తప్పుతాయి: పిస్టన్ వెనక గుంట లోతు, వీల్ సిలిండర్ నుంచి షూని నెట్టే లింకు పుల్లల పొడవు, షూ అంచు వెడల్పు, స్ప్రింగు బలం.

కానీ పాత స్టాకు (అప్పట్లో తయారై వాడకుండా మిగిలినవి) కూడా గుడ్డిగా నమ్మకండి. డబ్బా సీలు తీయని వాగ్నర్, రేబెస్టోస్ సామాను దొరికితే ఇనుము బంగారమే, అందులోని రబ్బరు మాత్రం కాదు. దశాబ్దాలు డబ్బాలో ఉన్న కప్పులు గట్టిపడి ఉంటాయి. ఇనుము పాతది, రబ్బరు కొత్తది, నా లెక్క అది.

ఇంకో మాట. 1947 నుంచి 55 దాకా అన్ని 3100లకీ సరిపోతుందని రాసి అమ్మే బ్రేక్ సామాను చూస్తే ఆగండి. 1950 దాకా ఈ అర టన్ను బండ్లకి హక్ బ్రేకులు, 1951 నుంచి బెండిక్స్, రెండూ వేర్వేరు డిజైన్లు. షూలు, స్ప్రింగులు ఒకదానివి ఇంకోదానికి పనికిరావు. మీది 53 కాబట్టి బెండిక్స్ ఉండాలి, కానీ మధ్యలో ఎవరైనా యాక్సిల్ మార్చి ఉండొచ్చు, బ్యాక్ ప్లేట్ చూసి నిర్ధారించుకోండి.

కేటీ53
అప్‌డేట్. బెండిక్సే, చూశాను. శనివారం బండి వేడెక్కి పట్టేశాక మాస్టర్ దగ్గర నట్టు వదులు చేశాం. ఆయిల్ చిమ్మింది, నాలుగు చక్రాలూ వెంటనే వదిలేశాయి. మూత తీసి మా ఆవిడ పెడల్ నొక్కితే ఊట లేవలేదు.

పాత మాస్టర్ పారేయలేదు, అదృష్టం. రెండూ పక్కపక్కన పెట్టి పిస్టన్ వెనక గుంటలో వెర్నియర్ పెట్టి కొలిచాను. మిషిగన్ గారు చెప్పినట్టే కొత్తదానిలో గుంట లోతు తక్కువ. పాత పుష్ రాడ్ సర్దుబాటు ఎక్కడ ఉందో అక్కడే పెట్టి బిగిస్తే పిస్టన్ ముందుకే ఉండిపోతోంది. రాడ్ కుదించి పెడల్ దగ్గర పావు అంగుళం పైచిలుకు ఖాళీ వచ్చేలా పెట్టాను. ఇప్పుడు ఊట కనిపిస్తోంది. కేటీ నుంచి ఫుల్షియర్ వైపు ఫార్మ్ రోడ్డు మీద నెమ్మదిగా తిప్పి వచ్చాను, డ్రమ్ములు గోరువెచ్చగా ఉన్నాయంతే. చాలా థాంక్స్, నిజంగా.

కుడివైపు లాగడం మాత్రం అలాగే ఉంది.

లేత్_మాస్టారు
ఇన్నాళ్లూ చదువుతున్నాను, ఇది నా సబ్జెక్టు కాబట్టి రాస్తున్నాను. రాజమండ్రిలో లేత్ షాపు, డ్రమ్ములే ఎక్కువ పని.

బండి ఏవైపు లాగితే ఆ వైపు బ్రేక్ బలంగా పడుతోందని అర్థం. మీకు కుడి ముందు డ్రమ్ము కొత్తది, ఎడమది పాతది లేత్ పట్టింది. అంటే ఎడమ డ్రమ్ము లోపలి వ్యాసం పెరిగింది. షూలు మాత్రం రెండువైపులా ఒకే వంపుతో వచ్చాయి. పెద్దదైన డ్రమ్ములో చిన్న వంపు షూ పెడితే మధ్యలో మాత్రమే తగులుతుంది, రెండు చివరలూ గాలిలో ఉంటాయి. అందుకే ఎడమ బ్రేక్ బలహీనం, బండి కుడికి పోతోంది. దీనికి వ్యతిరేకంగా షూ వంపు డ్రమ్ముకంటే పెద్దదైతే చివరలు మాత్రమే తగిలి గుంజుతుంది, కీచుమంటుంది, అది ఇంకా ప్రమాదం.

చూసుకోవడం తేలిక. షూ మీది లైనర్ (రాపిడి పట్టీ) మీద సుద్ద అడ్డంగా రాయండి, డ్రమ్ములో పెట్టి చేత్తో అటూ ఇటూ కదపండి, సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే తగులుతోంది. మొత్తం పొడవునా చెరగాలి.

పూర్వం ప్రతి లైనర్ షాపులోనూ షూ వంపు డ్రమ్ముకి సరిపోయేలా అరగదీసే మిషను ఉండేది. ఆస్బెస్టాస్ దుమ్ము భయం వచ్చాక చాలాచోట్ల తీసేశారు. ఇప్పటి లైనర్లలో ఎక్కువవాటిలో ఆస్బెస్టాస్ లేకపోయినా మిషన్లు తిరిగి రాలేదు. మీ దగ్గర పాత ట్రక్కుల బ్రేకులు చేసే షాపు వెతకండి, హ్యూస్టన్ లాంటి పెద్ద ఊళ్లో ఉండే అవకాశం ఉంది. డ్రమ్ములు ఎప్పుడూ జతగా మార్చాలి, ఒకే యాక్సిల్ మీద రెండింటి వ్యాసం దాదాపు సమానం ఉండాలి. లేత్ కూడా ఇష్టమొచ్చినంత పట్టకూడదు, సాధారణంగా కొత్త సైజు మీద 60 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు అరవై) దాటితే ఆ డ్రమ్ము పక్కన పెట్టేయడమే. ఈ పాత డ్రమ్ముల మీద గరిష్ఠ సైజు అచ్చు వేసి ఉండదు కాబట్టి లేత్ వాడిని అడిగి కొలత రాయించుకోండి.

పాత షూలు ఇంకా ఇంట్లో ఉంటే, పాత డ్రమ్ముల్లో దుమ్ము ఉంటే, గాలి కొట్టి ఊదకండి. తడిపి తుడవండి. ఆ కాలం లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది.

ఇనుపబండి
మాస్టారు చెప్పింది వంద శాతం కరెక్టు. దీనితోపాటు షూలు తారుమారు కాలేదు కదా అని చూడండి. బెండిక్స్‌లో చిన్న లైనర్ ఉన్న షూ బండి ముందువైపుకి, పొడవు లైనర్ వెనకవైపుకి. రీప్రో డబ్బాలో నాలుగూ కలిపి పడేసి వస్తాయి. ఒక చక్రంలో రెండు చిన్నవి పడితే లాగుడు ఖాయం.

కడప_డీజిల్
ఇవన్నీ ఎందుకు భయ్యా, ముందు చక్రాలకి డిస్క్ కిట్ వేసేయొచ్చు కదా? బోలెడు కిట్లు ఉన్నాయి. డెబ్భై ఏళ్ల కిందటి డ్రమ్ములతో టెక్సాస్ హైవే ఎక్కడం దేనికి?

మిషిగన్_మెకానికల్
డిస్కులు మంచివే, నేను వద్దనను. కానీ డిస్క్ వేస్తే సమస్యలు పోవు, మారతాయి. బెండిక్స్ డ్రమ్ములో చక్రం తిరిగే ఊపే షూని డ్రమ్ములోకి లాగుతుంది, అందుకే 53లో బూస్టర్ లేకుండా కాలి బలంతోనే బండి ఆగేది. డిస్కుకి ఆ గుణం లేదు, ఎక్కువ ప్రెషర్ కావాలి, సాధారణంగా బూస్టర్ కావాలి. పైగా ఈ బండిలో మాస్టర్ ఫ్లోరు కింద ఉంటుంది, కాలిపర్ల ఎత్తుకి కిందగా. ఆయిల్ వెనక్కి జారకుండా డిస్క్ లైనులో 2 పీఎస్‌ఐ రెసిడ్యువల్ వాల్వు (లైన్లో కొద్దిగా ప్రెషర్ నిలిపి ఉంచేది), డ్రమ్ము లైనులో 10 పీఎస్‌ఐది పెట్టాలి. 10ది పొరపాటున డిస్క్ వైపు పెడితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ ఉంటాయి. కొన్ని కిట్లలో చక్రం బయటికి జరిగి ఫెండర్‌కి తగులుతుంది కూడా.

నన్నడిగితే డిస్క్ కన్నా ముందు మార్చాల్సింది మాస్టర్. 53లో ఒకే రిజర్వాయర్, ఒకే సర్క్యూట్. ఒక్క హోసు పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. అమెరికాలో షెవర్లే బండ్లకి రెండు సర్క్యూట్ల మాస్టర్ 1967 మోడళ్లతో వచ్చింది. డ్రమ్ములు అలాగే ఉంచి, ఫ్లోరు కింద అదే చోట సరిపోయే డ్యూయల్ మాస్టర్ పెట్టి, ముందు వెనక లైన్లు విడదీయండి. బండి పాతదనం చెడదు, సగం బ్రేకులైనా మిగులుతాయి. ఇది చేయమని గట్టిగా చెబుతున్నాను.

కడప_డీజిల్
అర్థమైంది గారూ. ఒకే సర్క్యూట్ అని నాకు తెలియదు, అది నిజంగా భయపడాల్సిన సంగతే.

గోదారిగాలి_డాలస్
కేటీ గారూ, నేను డాలస్‌లో ఉంటాను, 1956 ఫోర్డ్ ఎఫ్-100 ఉంది. మీరు డాట్ 3 పోశారు. హ్యూస్టన్ తేమకి, నెలకోసారి తీసే బండికి నేనైతే డాట్ 5 సిలికాన్ అంటాను. పెయింటు పాడవదు, నీరు పీల్చదు, సిలిండర్లు లోపల తుప్పు పట్టవు.

ఆటోనగర్_జీపు
నీరు పీల్చదు సరే, పైపులోకి వచ్చిన నీరు ఎక్కడికి పోతుంది? కింద గుంటలో చేరి అక్కడే తుప్పు తింటుంది. గాలి బుడగలు కూడా పట్టుకుని వదలదు, పెడల్ మెత్తగా ఉంటుంది.

మిషిగన్_మెకానికల్
ఇద్దరి మాటా నిజమే. డాట్ 3, 4, 5.1 గ్లైకాల్ జాతి, డాట్ 5 ఒక్కటే సిలికాన్. ఆ రెండు జాతులూ ఎప్పుడూ కలపకూడదు. మారాలంటే కప్పులన్నీ కొత్తవి వేసి లైన్లు పూర్తిగా శుభ్రం చేశాకే. కేటీ గారు ఇప్పటికే డాట్ 3 పోశారు కాబట్టి అదే ఉంచి రెండేళ్లకోసారి మార్చుకుంటే చాలు. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగాలి, నీరు పీల్చాక ఆ హద్దు 140కి పడిపోతుంది. వేడెక్కిన డ్రమ్ము దగ్గర ఆ తేడా చాలా ఎక్కువ. ఇన్నిసార్లు పట్టేసి కాలింది కదా, ఇప్పుడు ఒకసారి మొత్తం మార్చేయండి. వీల్ సిలిండర్ల డస్ట్ కవర్లు కూడా ఎత్తి చూడండి, కాలి ఉంటే కప్పులు కూడా మార్చాలి.

కేటీ53
ఆయిల్ మార్చాను. రెండు డస్ట్ కవర్లు గట్టిపడి ఉంటే అవీ, కప్పులూ మార్చాను. సుద్ద పరీక్ష చేశాను మాస్టారూ, మీరు చెప్పింది చెప్పినట్టే ఉంది. ఎడమవైపు మధ్యలో అరచేతి వెడల్పు చెరిగింది, చివరలు తెల్లగా అలాగే ఉన్నాయి. ఎడమకి కూడా కొత్త డ్రమ్ము ఆర్డర్ పెట్టాను, షూలు వంపు తీసే షాపు హ్యూస్టన్ పక్కన పాసడీనాలో దొరికింది, వాళ్లు పెద్ద ట్రక్కుల పని చేస్తారు.

ఇంకో ప్రశ్న. కిట్‌లో వచ్చిన హోసులు నమ్మొచ్చా? వాటి మీద ఏం చూడాలి?

మిషిగన్_మెకానికల్
హోసు మీద ముద్ర చదవండి. అమెరికాలో అమ్మే బ్రేక్ హోసు మీద డాట్ (DOT, అమెరికా రవాణా శాఖ) అన్న గుర్తు, తయారీదారు గుర్తు, తయారైన తేదీ, లోపలి వ్యాసం, హెచ్ఆర్ లేదా హెచ్ఎల్ అన్న అక్షరాలు ఉండాలి. ఏ ముద్రా లేకపోతే ఆ హోసు చెత్తబుట్టకే, ఎంత కొత్తదైనా. హోసు పొడవునా గీతలు ఉంటాయి, బిగించాక అవి మెలితిరగకుండా నిటారుగా ఉండాలి. స్టీరింగ్ రెండు పక్కలకీ పూర్తిగా తిప్పి ఎక్కడా లాగుడు గానీ రాపిడి గానీ లేదని చూసుకోండి. స్టీలు పైపులు మారిస్తే డబుల్ ఫ్లేర్ (పైపు చివరని వెడల్పు చేసి రెండు పొరలుగా మడవడం) తప్పనిసరి, మామూలు రాగి గొట్టం వాడొద్దు. రాగి-నికెల్ పైపు వేయొచ్చు, వంచడం తేలిక, తుప్పు పట్టదు.

ఇనుపబండి
నా పాత మాట కొంచెం సవరిస్తున్నాను. హోసులు, కప్పులు, డస్ట్ కవర్లు కొత్తవే వేయాలి, అందులో వాదన లేదు. సిలిండర్లు, లింకు పుల్లలు, షూ సర్దే స్టార్ వీల్స్, యాంకర్ పిన్నులు మాత్రం ఒరిజినల్‌వి బాగుంటే అవే వేయండి. కొత్తవి వేయాల్సి వస్తే పాతవాటి పక్కన పెట్టి కొలవకుండా వేయొద్దు. కేటీ గారు పాత మాస్టర్ ఉంచుకోబట్టే ఈ తప్పు దొరికింది.

గోదారిగాలి_డాలస్
ఇంకోటి చెప్పాలి. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. ఇదివరకు ఏడాదికోసారి ఇంకొక మనిషి బండిని చూసేవాడు. ఇప్పుడు పాత బండి బ్రేకులు మనం చూసుకోకపోతే ఇంకెవరూ చూడరు. మా ఫోర్డ్ ఓనర్లం కొంతమంది వసంతకాలంలో ఒకచోట చేరి ఒకరి బండి ఒకరం జాకీ మీద ఎత్తి చూసుకుంటున్నాం. హ్యూస్టన్ వైపు ఎవరైనా ఉంటే అలా పెట్టుకోండి, నేనూ వస్తాను.

కేటీ53
తప్పకుండా పెడదాం, నా గ్యారేజీ ఉంది.

రెండు ముందు డ్రమ్ములూ కొత్తవి, షూలు వంపు తీయించి బిగించాను. నలభై మైళ్ల వేగంలో స్టీరింగ్ వదిలి బ్రేక్ వేశాను, ఖాళీ రోడ్డు మీద. తిన్నగా ఆగింది. డ్యూయల్ మాస్టర్ తెప్పిస్తున్నాను, ఈసారి బిగించేముందు గుంట లోతు కొలిచి, ఊట చూసి, ఆ తర్వాతే రోడ్డెక్కుతాను. ఈ బండికి షూలు వాటంతట అవి సర్దుకోవు కదా, మళ్లీ ఎప్పుడు సర్దాలి?

లేత్_మాస్టారు
కొత్త లైనర్ మొదట్లో త్వరగా కూర్చుంటుంది. రెండు మూడు వందల మైళ్లు తిరిగాక ఒకసారి సర్దండి. స్టార్ వీల్ తిప్పి చక్రం బిగుసుకునేదాకా తెచ్చి, మళ్లీ వెనక్కి వదులుతూ రాపిడి పోయి చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా రండి, నాలుగింటికీ ఒకే లెక్కలో. పార్కింగ్ కేబుల్ వదులు చేసి పెట్టుకుని ఆ తర్వాతే వెనక చక్రాలు సర్దాలి. సర్దడం అయ్యాక పెడల్ ఖాళీ కదలిక ఇంకోసారి చూడండి.